74 శాతం దగ్గర చెయ్యి వణికించే గేమ్

మొన్న ఆదివారం పాత ఆర్కేడ్ గేముల మీద, అంటే షాపుల్లో నాణెం వేసి ఆడే మిషన్ గేముల మీద, ఎవరో ఓపిగ్గా రాసిన పెద్ద జాబితా ఒకటి కనబడితే కాఫీ చల్లారిపోయేదాకా చదువుతూ కూర్చున్నాను. ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్, గెలాగా, డిఫెండర్, టెంపెస్ట్... ఎవరెవరు ఉండాలో అందరూ ఉన్నారు, ఒక్కోదానికి పేరాలకు పేరాలు. కిక్స్ కూడా ఉంది, లేదనను. కాకపోతే ఎక్కడో అడుగున, గీతలు గీసి ఖాళీ జాగా నింపే వింత పజిల్ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈ గేముకి ఎప్పుడూ ఇదే మర్యాద. ఎవరూ తిట్టరు, ఎవరూ మెచ్చుకోరు, అందరూ పేరు మాత్రం తల్చుకుని ముందుకి వెళ్లిపోతారు.

నా మాట ముందే చెప్పేస్తాను. డాంకీ కాంగ్, గెలాగా, ఫ్రాగర్ అన్నీ వచ్చిన 1981లోనే కిక్స్ కూడా వచ్చింది. వాటన్నిట్లో ఆడేవాడి నిర్ణయానికి ఇంత విలువిచ్చిన గేమ్ ఇంకోటి లేదని నా నమ్మకం. మిగతావాటిలో ప్రమాదం దానంతటది మన మీదికి వస్తుంది, మనం తప్పించుకుంటాం. కిక్స్‌లో ప్రమాదం ఎంత కావాలో మనమే కొలుచుకుని నెత్తికెత్తుకుంటాం.

చిన్నప్పటి మమకారంతో ఇలా మాట్లాడుతున్నానేమో అనుకోకండి. మా ఊరి బస్టాండు పక్కన వీడియో గేముల షాపులో ఈ మిషన్ లేనే లేదు, అక్కడ ఉన్నవన్నీ తన్నుకునేవీ కాల్చుకునేవీ. ఉద్యోగంలో చేరాక, రాత్రుళ్లు కంప్యూటర్లో ఎమ్యులేటర్ (పాత మిషన్ల గేముల్ని కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రామ్) పెట్టుకుని పాత గేములన్నీ వరసగా తిరగేస్తుంటే తగిలింది. మొదటిసారి అర నిమిషం చూసి మూసేశాను కూడా. మళ్లీ ఎందుకు తెరిచానో గుర్తులేదు గానీ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదన్నది మాత్రం గుర్తుంది.

ఆడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. తెర మీద నల్లటి ఖాళీ దీర్ఘచతురస్రం. దాని అంచు మీద చిన్న వజ్రం గుర్తు, అది మనం. లోపల రంగులు మార్చుకుంటూ మెలికలు తిరిగే గీతల కట్ట ఒకటి, అదే కిక్స్. అంచు వదిలి లోపలికి గీత గీసుకుంటూ వెళ్లి మళ్లీ ఏదో ఒక అంచుని అందుకుంటే, కిక్స్ లేని వైపు ముక్క మనదై రంగు నిండుతుంది. మామూలు సెట్టింగులో 75 శాతం నింపితే ఆ లెవెల్ అయిపోయినట్టు. గీత పూర్తయ్యేలోపు కిక్స్ దాన్ని తాకిందంటే ప్రాణం పోయినట్టే. గీత గీయడానికి రెండు బటన్లు: ఒకటి గబగబా గీస్తుంది, ఇంకోటి నత్తనడకన గీస్తుంది, నెమ్మదిగా గీసి సంపాదించిన జాగాకి రెట్టింపు పాయింట్లు. అంతే. జాయ్‌స్టిక్కు, రెండు బటన్లు, ఒక ఖాళీ డబ్బా.

నిలబడే చోటు లేదు

ఈ గేమ్‌లో నాకు ముందుగా నచ్చింది ఏమిటంటే, ఎక్కడా తీరిగ్గా నిలబడి ఆలోచించుకునే వీలు ఉండదు. అంచు మీద ఉన్నంతసేపు కిక్స్ మనల్నేమీ చేయలేదు. హమ్మయ్య అనుకునేలోపు అంచుల వెంబడి స్పార్క్స్ అనే నిప్పురవ్వలు రెండు వైపుల నుంచీ వస్తుంటాయి, అవి తగిలినా అంతే సంగతి. సరే అని లోపలికి గీత గీస్తే మామూలు స్పార్క్స్ ఆ గీత మీదికి రావు, కానీ అక్కడ కిక్స్ ఉంది. సగం దూరం పోయాక భయమేసి ఆగామా, మనం గీత మొదలెట్టిన చోటు నుంచి ఫ్యూజ్ అంటుకుని ఆ గీత వెంటే కాలుకుంటూ మన దాకా వస్తుంది. వచ్చిన దారిన వెనక్కి పోవడానికి లేదు, మన గీతను మనం దాటడానికీ లేదు. పైన టైమర్ ఒకటి కరిగిపోతూ ఉంటుంది, అది అయిపోతే స్పార్క్స్ ఇంకా ఎక్కువవుతాయి. పైలెవెల్స్‌లో అవే సూపర్ స్పార్క్స్‌గా మారి, మనం గీస్తున్న గీత మీద కూడా తరుముకొస్తాయి.

వీటిని విడివిడిగా చూస్తే నాలుగైదు రకాల శత్రువులు. కలిపి చూస్తే అందరూ మనల్ని అడిగేది ఒక్కటే: తేల్చుకున్నావా లేదా? అంచు మీద తాత్సారం చేస్తే స్పార్క్స్ అడుగుతాయి, గీత మధ్యలో తటపటాయిస్తే ఫ్యూజ్ అడుగుతుంది, అత్యాశకు పోయి పెద్ద గీత గీస్తే కిక్స్ అడుగుతుంది. ఆ రోజుల్లో చాలా గేములు లెవెల్ కష్టం చేయాలంటే శత్రువుల్ని పెంచేవి, వేగం పెంచేవి. కిక్స్ కూడా ఆ పని చేస్తుంది, కాదనను. కానీ మొదటి లెవెల్లో, ఒక్క కిక్సూ రెండు స్పార్క్సూ ఉన్నప్పుడే, కావాలనుకుంటే గుండె జారేంత కష్టంగా ఆడొచ్చు. ఆ కష్టం గేమ్ పెట్టింది కాదు, ఆ గీత అంత పొడుగు గీద్దామనుకున్నది మనం.

ఈ గేమ్‌ని తయారుచేసింది ర్యాండీ ఫైఫర్, శాండీ ఫైఫర్ అనే దంపతులు, స్పేస్ ఇన్వేడర్స్‌తో 1978లో ప్రపంచాన్ని ఊపేసిన జపాన్ కంపెనీ టైటో తాలూకు అమెరికా విభాగంలో. స్పేస్ ఇన్వేడర్స్ కంపెనీ నుంచి మూడేళ్లకే, ఒక్క తూటా కూడా పేలని గేమ్ రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మా బావ ఆట

మా బావ రియల్ ఎస్టేట్ మనిషి. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నా లాప్‌టాప్‌లో ఇది చూసి, "ఇదేంట్రా, కబ్జా గేమా!" అని పక్కకి జరగమన్నాడు. వీడియో గేములంటే చిరాకు పడే మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు. "ముందు మూల బిట్టు మన పేరు మీదికి రానీ, రోడ్డు ఫేసింగ్ సంగతి తర్వాత చూద్దాం" అంటూ మూల నుంచి చిన్న చిన్న డబ్బాలు గీయడం మొదలెట్టాడు. రెండు వేళ్ల వెడల్పు ముక్క, దాని పక్కన ఇంకో ముక్క, ఎక్కడా రిస్కు లేదు. మా అక్క వంటింట్లోంచి కేకేసినా కదల్లేదు.

ఆ పద్ధతి చాలాదూరమే తీసుకెళ్లింది. కానీ ముక్కలు చిన్నవి కాబట్టి శాతం పెరగడానికి యుగాలు పట్టింది, ఈలోపు టైమర్ అయిపోయింది, అంచుల మీద స్పార్క్స్ ఎక్కువైపోయాయి, మూల నుంచి బయటికి రాలేక అక్కడే పోయాడు. "జాగ్రత్తగా ఆడినా చంపుతుందేంట్రా ఇది?" అన్నాడు. అదే కదా మరి! చిన్న ముక్కలతో నెట్టుకొద్దామనుకునేవాడికి గేమ్ అడ్డేమీ చెప్పదు, ఆడనిస్తుంది, కానీ కాలం రూపంలో వడ్డీ వసూలు చేస్తుంది. పెద్ద ముక్క కోసం పోయేవాడి దగ్గర అంతా ఒకేసారి లాక్కుంటుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడుండాలన్నది ప్రతి గీతకీ మళ్లీ కొత్తగా తేల్చుకోవాలి, ఎందుకంటే కిక్స్ ఇప్పుడు ఉన్నచోట ఇందాక లేదు.

నేనెవర్ని?

ఇంత గొప్పదైతే జనం ఎందుకు పట్టించుకోలేదు? దీనికి నా దగ్గర ఉన్న జవాబు చికాగో శివార్లలో ఒక ఆర్కేడ్‌లో దొరికింది. తలుపు దగ్గర టికెట్ కొనుక్కుని లోపలికి పోతే రోజంతా ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు, నాణేలు వేయక్కర్లేదు, అలాంటి చోటు. అక్కడ ఉండే నా స్నేహితుడు తన కొడుకుని కూడా వెంటబెట్టుకొచ్చాడు, పదేళ్ల పిల్లాడు. డాంకీ కాంగ్ దగ్గర వాడిని ఊడదీయడమే కష్టమైంది. బతిమాలి కిక్స్ ముందు నిలబెట్టాను. వాడు రెండు గీతలు గీశాడు, చచ్చిపోయాడు, నావైపు తిరిగి "అంకుల్, ఇందులో నేనెవర్ని?" అన్నాడు.

నేను ఆ వజ్రం గుర్తుని చూపించాను. అది కాదు వాడడిగింది.

ప్యాక్‌మ్యాన్‌కి నోరుంది, ఆకలుంది. డాంకీ కాంగ్‌లో ఎత్తుకుపోయిన అమ్మాయి ఉంది. ఫ్రాగర్‌లో రోడ్డు దాటాల్సిన పాపం కప్ప ఉంది. కిక్స్‌లో ఎవరూ లేరు. టీ షర్టు మీద వేసుకోవడానికి బొమ్మ లేదు, పిల్లల టిఫిన్ డబ్బా మీద అచ్చువేయడానికి మొహం లేదు. పాట కూడా లేదు, గీస్తుంటే వచ్చే ఆ గరగర శబ్దం కాసేపటికి తలనొప్పి తెప్పిస్తుందని నేనే ఒప్పుకుంటాను.

అయితే ఈ వివరణతో నాకు పూర్తి తృప్తి లేదు. టెట్రిస్‌కి మాత్రం ఏ మొహం ఉంది? కిక్స్ వచ్చిన కొన్నేళ్లకే వచ్చి, ముక్కలు పడటం తప్ప ఏ కథా లేకుండానే అది ప్రపంచాన్ని ఏలింది కదా. కాబట్టి బొమ్మ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. టెట్రిస్‌లో మన తప్పులు కళ్లముందే పేరుకుంటాయి, ఎక్కడ కన్నం వదిలామో కనబడుతూనే ఉంటుంది, ఓడిపోతామని మనకి ముందే తెలిసిపోతుంది, సర్దుకోవడానికి కాస్త సమయమూ ఉంటుంది. కిక్స్‌లో చావు ఒక్క క్షణంలో వస్తుంది. అర సెకను ముందు వరకూ అంతా మన చేతిలోనే ఉన్నట్టుంటుంది. 1981లో అమెరికాలో నాణెం వేసి ఆడే కుర్రాడికి ఇది మోసంలా అనిపించి ఉంటుందని ఊహించడం కష్టమేమీ కాదు.

ఆ ఫ్రీ ప్లే చోట నేను గమనించింది ఇంకోటి ఉంది. డబ్బు కట్టక్కర్లేనప్పుడు ఈ గేమ్ పలచబడిపోతుంది. చచ్చిపోతే ఏం, మళ్లీ స్టార్ట్ నొక్కుదాం అనుకుంటే పెద్ద గీత గీయడంలో టెన్షనే లేదు. మిగతా గేములు ఫ్రీగా ఆడినా బాగుంటాయి. దీనికి మాత్రం జేబులో చివరి నాణెం కావాలి. ఎమ్యులేటర్‌లో ఆడేటప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను: రాత్రికి ఒక్క గేమ్. పోతే పోయింది, రేపు చూసుకోవాలి.

74 శాతం

ఇప్పుడు నేను ఇంత గొడవ చేయడానికి అసలు కారణం చెప్తాను.

75 శాతం దాటిన ప్రతి ఒక్క శాతానికీ వెయ్యి పాయింట్ల బోనస్ ఉంది. కానీ 75 అందుకున్న మరుక్షణం లెవెల్ అయిపోతుంది. అంటే బోనస్ ఎంత అన్నది ఆ చివరి గీత ఒక్కటే తేల్చాలి. 74 దగ్గర నుంచి చిన్న ముక్క గీసి 76కి పోతే వెయ్యి. అదే 74 దగ్గర నుంచి ఒక్క గీతతో 95కి పోతే ఇరవై వేలు.

ఈ ఒక్క నియమంతో ఆట మొత్తం తలకిందులైపోయింది. అప్పటిదాకా ఎలాగోలా 75కి చేరడమే ధ్యేయంగా ఆడినవాడు, ఈ సంగతి తెలిశాక 75ని తప్పించుకుంటూ ఆడటం మొదలుపెడతాడు. ఆ ముందు గీతలన్నీ జాగా కోసం కాదు, రూపం కోసం. మిగిలిన నల్లటి ఖాళీని రెండు గదుల్లా, మధ్యలో ఇరుకు సందు ఉండేలా మలచుకుంటూ వస్తాం. ఒక గది చిన్నది, ఒక గది పెద్దది. తెర మీద 74. మనం ఆ సందు దగ్గర అంచు మీద నిలబడి ఉంటాం. కిక్స్ పెద్ద గదిలో తిరుగుతోంది. అది సందులోంచి చిన్న గదిలోకి పోవాలి, పోగానే ఆ సందుని ఒక్క గీతతో మూసేయాలి, పెద్ద గదంతా మనదే.

కిక్స్ సందు దగ్గరికి వస్తుంది, తల దూరుస్తుంది, వెనక్కి పోతుంది. స్పార్క్ ఎడమ నుంచి వస్తోంది, ఇంకో రెండు సెకన్లలో ఇక్కడికొస్తుంది, మనం పక్కకి జరగాలి, జరిగితే సందు దూరమవుతుంది. కిక్స్ మళ్లీ వచ్చింది, ఈసారి సగం అటు పోయింది. ఇప్పుడు నొక్కాలా? మొత్తం పోయిందా, తోక ఇటే ఉందా? నెమ్మది బటనా, వేగం బటనా? నెమ్మదిగా గీస్తే రెట్టింపు, కానీ ఆ నాలుగు వేళ్ల సందు దాటడానికి అది తిరిగొచ్చేంత సమయం పడుతుంది. నా అనుభవంలో వేలు ఎప్పుడూ మనసు కంటే ముందే నొక్కేస్తుంది. తర్వాత ఒకటే ఎదురుచూపు, గీత అవతలి అంచు తాకేదాకా ఊపిరి పీల్చుకోవడం ఉండదు. తాకిందంటే నల్లటి జాగా అంతా ఒక్కసారిగా రంగుతో నిండిపోతుంది.

దీనంతటికీ కావాల్సింది ఒక్క బోనస్ నియమం. కథ అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. ఇప్పుడే లెవెల్ ముగించి బయటపడొచ్చని తెలిసీ, చేతులారా అక్కడ నిలబడేలా చేసిన గేమ్ ఆ ఏడాది వచ్చినవాటిలో ఇంకేదైనా ఉంటే చెప్పండి, వింటాను.

జూదం కాదా?

ఆఫీసులో నాతో ఈ విషయం మీద ఎప్పుడూ గొడవపడే మిత్రుడు ఒకడున్నాడు. వాడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ప్యాక్‌మ్యాన్‌లో దెయ్యాలు కదిలే పద్ధతికి ఒక లెక్క ఉంది, అందుకే దారులు బట్టీపట్టి గంటలు గంటలు ఆడినవాళ్లున్నారు. "కిక్స్ ఎటు పోతుందో దానికే తెలియదు. తెలియనప్పుడు ఇందులో నేర్చుకునేదేముందిరా? అదృష్టం బాగుంటే గెలుస్తావు, లేకపోతే లేదు" అంటాడు.

సగం నిజం. అన్నీ సరిగ్గా చేసినా, ఆ మూల నుంచి ఈ మూలకి అది ఒక్క ఊపులో వచ్చి చంపిన సందర్భాలు నాకూ ఉన్నాయి, ఆ క్షణంలో వాడి మాటే నిజమనిపిస్తుంది. కానీ ఎక్కువసేపు ఆడినకొద్దీ తెలిసేదేమిటంటే, కిక్స్ ఎటు పోతుందో ఊహించడం ఈ ఆటలో నైపుణ్యమే కాదు. ఎటు పోయినా తట్టుకునేలా ఈ గీత ఎంత పొడుగుండాలి, ఎంతసేపు పట్టాలి, దానికి తిరగడానికి ఎంత జాగా మిగిల్చాను అన్నది నైపుణ్యం. అదృష్టం ఉంది, నిజమే, దానికి ఎంత చోటివ్వాలన్నది మాత్రం నా చేతిలో ఉంది. బట్టీపట్టడానికి వీల్లేకపోవడం వల్లే పాతికోసారి ఆడినా మొదటి లెవెల్ విసుగు పుట్టదు. వాడు ఒప్పుకోలేదనుకోండి. వాడు ఆడేది చదరంగం.

దీని సంతానాన్ని చూస్తే నాకు ఇంకా ధైర్యం వస్తుంది. 1984లో విండోస్‌కి ముందు కాలపు డాస్ కంప్యూటర్ల కోసం వచ్చిన జోనిక్స్ మనలో చాలామందికి తెలుసు, 90లలో కంప్యూటర్ సెంటర్లలో సార్ బయటికి పోగానే తెరిచే గేముల్లో అదొకటి. గీత గీసి ఖాళీ నింపడమే, కానీ కిక్స్ బదులు అందులో బంతులు, ఐమూలగా పోయి గోడకి తగిలి అదే లెక్కన వెనక్కి వచ్చేవి. 1992లో మైక్రోసాఫ్ట్ వాళ్ల గేముల ప్యాక్‌లో వచ్చిన జెజ్‌బాల్‌లోనూ బంతులే, 75 శాతం అంకె కూడా అదే. రెండూ మంచి గేములే, కాదనను, కానీ బంతి ఎటు పోతుందో ముందే తెలుస్తుంది కాబట్టి భయం పోయి లెక్క మిగిలింది. టైటోనే 1989లో వాల్ఫీడ్ అని తెచ్చి, ఈ ఆటకి అంతరిక్ష నౌకనీ రాక్షసుల్నీ తగిలించింది. 1990లో కనెకో అనే కంపెనీ గాల్స్ పానిక్ తెచ్చింది, జాగా నింపినకొద్దీ వెనకాల అమ్మాయిల ఫొటో బయటపడటం దాని ఆకర్షణ. జాగా నింపడంలోనే సరదా ఉందని నమ్మకం లేనివాడికే వెనకాల ఫొటో పెట్టాలన్న ఆలోచన వస్తుంది. ఇప్పుడు పిల్లలు ఫోన్లలో ఆడే పేపర్ డాట్ ఐవో, 2016లో వచ్చింది, అదీ ఈ వంశమే, కాకపోతే కిక్స్ ఉండాల్సిన చోట పక్క ఆటగాళ్లుంటారు. ప్రతివాడూ మూలంలో ఏదో లోటుందనుకుని పూడ్చాడు. మొహం లేదని ఒకడు, కథ లేదని ఒకడు, శత్రువుకి లెక్క లేదని ఇంకొకడు. పూడ్చిన ప్రతిసారీ ఆ 74 శాతం దగ్గరి వణుకు కాస్త కాస్త తగ్గింది.

నా వాదనకి నాకే కనిపించే పెద్ద చిల్లు మాత్రం వేరే ఉంది, దాన్ని మా ఆఫీసువాడు కూడా పట్టుకోలేదు. మూడో లెవెల్ నుంచి కిక్స్‌లు రెండవుతాయి. వాటి మధ్య గీత గీసి ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీస్తే శాతంతో పనిలేకుండా లెవెల్ అక్కడికక్కడే అయిపోతుంది, పైగా ఆ తర్వాత లెవెల్స్‌లో పాయింట్లు హెచ్చవుతాయి. స్కోరు కోసం ఆడేవాళ్లకి అదే రాచబాట, అందరూ దానికోసమే ఎదురుచూస్తారు. అంటే నేను ఇంతసేపు పొగిడిన 75 బోనస్ నాటకం, గేమ్ ముందుకి పోయేకొద్దీ పక్కకి జరిగిపోతుంది. విడదీయడంలోనూ ఒక మజా ఉందనుకోండి, రెండూ చెరోవైపు పోయిన ఆ రెప్పపాటు కోసం కాచుకోవడం, కానీ అందులో ఎంత ఆశపడాలన్న ప్రశ్న లేదు. ఆ నియమం లేకపోతే ఈ గేమ్ ఇంకా గొప్పగా ఉండేదని నా అభిప్రాయం, మిషన్ల దగ్గర పెద్ద పెద్ద స్కోర్లు కొట్టినవాళ్లు దీనికి నన్ను తన్నడానికి వస్తారేమో.

ఆడి చూద్దామనుకునేవాళ్లకి: 1990లో నింటెండో వాళ్ల గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే మిషన్ కోసం వేసిన వెర్షన్ తేలిగ్గా ఉంటుంది, చిన్న తెర కాబట్టి కళ్లు అంతటా పరిగెత్తక్కర్లేదు. బాగా స్కోరు చేస్తే ఎడారిలో మెక్సికన్ టోపీ పెట్టుకుని గిటార్ వాయించే మారియో, నింటెండో గేముల హీరో, కూడా కనిపిస్తాడు, కిక్స్‌లో ఎట్టకేలకు ఒక మొహం! కానీ కుదిరితే ఆర్కేడ్ వెర్షనే ఆడండి. మొదట్లో వేగం బటన్ జోలికి పోకండి, నెమ్మది బటన్‌తోనే గీయండి, త్వరత్వరగా చచ్చిపోతారు గానీ ఎంత పొడుగు గీత గీయొచ్చో చేతికి అలవాటవుతుంది. మొదటి రెండు లెవెల్స్‌లో ఒక్క కిక్సే ఉంటుంది, ఆ గదులూ సందులూ కట్టుకునే సరదా అంతా అక్కడే, మూడోదానికి తొందరపడకండి.